ఖాళీగా లేదు కనుక

రాత్రి రెండుంబావు. మలక్‌పేట ల్యాబులో
రక్తం సీసాల ఫ్రిజ్జులూ, సర్వరూ, నేనూ
మేలుకుని ఉన్నాం.
అప్‌గ్రేడ్ ఒడ్డెక్కింది.
జారిపోయే తెల్లటి వరసల మధ్య
పదకొండు చోట్ల ఒకటే గొణుగుడు:
ఈ డైరెక్టరీ ఖాళీగా లేదు, కనుక తీసేయలేదు.

తప్పని కాదు. ఎర్రక్షరాల్లో కూడా లేదు.
అద్దెకున్నవాళ్లు మేకుకి వదిలిపోయిన
క్యాలెండరు సంగతి
వాచ్‌మన్ చెప్పినట్టు చెప్పింది, అంతే.

ఆరింటికి షుగర్ టెస్టులకి
పరగడుపున జనం వచ్చేస్తారు.
అప్పటిదాకా నా పని ఇదే,
వెళ్లిపోయిన ప్యాకేజీల గదులు తిరిగి చూడటం.

ఒక్కోదాన్నీ చూపించి ఎవరిదని అడిగాను.
ఎవరిదీ కాదంది సిస్టం.
పాత పైథాన్ పేరున ఒక గది, లోపల బూజులాంటి క్యాష్.
ఫాంట్ల పేరున ఒకటి, దాంట్లో ఇంకోటి,
దాంట్లో ఇంకోటి, దాంట్లో ఏమీ లేదు.
లాగుల గది ఒకటి,
ఏనాడో ఎవరో మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన ముచ్చట
ఇప్పటికీ కొంగున కట్టుకునుంది.

ఖాళీవైతేనే తీసే ఆజ్ఞ ఒకటుంది, మర్యాదస్తురాలు.
తలుపు తడుతుంది,
లోపల ఎవరైనా దగ్గితే వెనక్కొచ్చేస్తుంది.
ఇంకోటుంది, అది తలుపు తట్టదు.
దాని పక్కన ఒక్క ఖాళీ జాగా పొరపాటున పడి
నా మొదటి ఉద్యోగం ఎలా పోయిందో
అమీర్‌పేటలో ఒక హాస్టలు మొత్తానికి తెలుసు.

నేనెక్కే బస్సులో కండక్టరు ఇంకా
టాకీసు, టాకీసు అని అరుస్తాడు.
టాకీసు కూలి పద్నాలుగేళ్లు.
అక్కడిప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతారు.
అయినా ఆ కేకకి
ఎనిమిది మంది లేచి దిగుతారు.

ఎనిమిదో డైరెక్టరీ ప్రింటరుది.
లోపల ఒకే ఫైలు, రెండొందల బైట్లు లేదు.
పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
'పేరుల మొదటి అక్షరం మింగుతున్నది.
రెండు సెకన్లు ఆగి పంపాలె. తీయకుండ్రి.
సువార్తమ్మ.'

నేనామెను చూడలేదు.
రిసెప్షన్ అజీజా బేగం చెబుతుంది,
డాట్ మ్యాట్రిక్స్ నెత్తిన చెయ్యి పెట్టి
జ్వరం చూసినట్టు చూసేదట.
అది అనసూయను నసూయ చేసేది,
ఇలియాస్‌ను లియాస్ చేసేది.
రక్తం పూర్తిగా ఇచ్చిన మనిషికి
పేరు మాత్రం కొరికి ఇచ్చేది.

ఆ ప్రింటరును పాతసామాన్లవాడు
ఎప్పుడో కిలోల లెక్కన కొనుక్కుపోయాడు.
ఈ ఫైలు మాత్రం నిన్నటిదాకా
రిపోర్టు రిపోర్టుకీ రెండు సెకన్లు
లేని యంత్రం ఊపిరి పీల్చుకోవాలని ఆగింది.
ఇంకెంతసేపమ్మా అని కౌంటరు దగ్గర విసుక్కున్నవాళ్లంతా
ఆ రెండు సెకన్లలో నిలబడ్డవాళ్లే.

తీశాను.
అంత ధైర్యంగా ఏం కాదు. ముందొక కాపీ
వేరే చోట దాచి, తేదీ వేసి,
సువార్తమ్మ పేరు అలాగే ఉంచి,
ఆ తర్వాత తీశాను.
మర్యాదస్తురాలు వెళ్లి తలుపు తట్టింది.
ఈసారి ఎవరూ దగ్గలేదు.
సిస్టం కూడా ఏమీ అనలేదు,
ఖాళీ అయినవాటి గురించి అది మాట్లాడదు.

మిగతా మూడూ నాకర్థం కాలేదు.
పేర్ల ముందు 'పాత' అని తగిలించి
వారం గడువిచ్చాను. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే
అప్పుడు చూద్దాం.

ఐదున్నరకి టెస్టు ప్రింటు కొట్టాను.
లేజరు ఆగలేదు, మింగలేదు.
అనసూయ మొదటక్షరంతో సహా వచ్చి
ట్రేలో వెచ్చగా పడింది.
కాగితం తీసుకోకుండా
నేనే అక్కడ రెండు సెకన్లు ఆగాను.

షట్టరు కింది సందులోంచి చూస్తే
అప్పటికే రెండు జతల చెప్పులు.